ఆదాయం తెలిసిన కథానాయకులు

మలయాళ చిత్రాల ప్రస్తావన వస్తే మనవాళ్లు కొబ్బరితోటలు, పడవలు, సహజమైన నటన అంటారు. నిజమే. అయితే నన్ను పట్టి నిలిపేది వేరొకటి. ఆ కథలోని మనిషి ఏం పనిచేసి బతుకుతున్నాడో, చేతిలోని డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ప్రేక్షకుడికి తెలుస్తుంది. మన సినిమాల్లో నాయకుడి ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో చాలాసార్లు తెలియదు. బ్యాంకువాడి చూపు ఇంతకంటే దూరం పోదని నవ్వేవారు నవ్వవచ్చు.

1987లో సత్యన్ అంతిక్కాడ్ దర్శకత్వంలో వచ్చిన 'నాడోడిక్కాట్టు' చూడండి. రచన శ్రీనివాసన్. మోహన్‌లాల్ వేసిన దాసన్ బి.కాం. పట్టభద్రుడు, చేసేది ప్యూను పని. (నేనూ బి.కాం.నే గనుక ఈ పాత్ర మీద కాస్త పక్షపాతం ఉంది.) ఆ పనీ పోయాక స్నేహితుడు విజయన్‌తో కలిసి బ్యాంకు అప్పుతో రెండు ఆవులు కొంటాడు. పాలు చాలవు. అప్పు తీరదు. చివరికి ఆవులను అమ్మి, ఆ డబ్బుతో గల్ఫుకని పడవ ఎక్కుతారు. ఏజెంటు దింపింది మద్రాసు ఒడ్డున! అరబ్బు దుస్తుల్లో నిలబడి తమిళ బోర్డులు చూసి తెల్లబోయే ఆ ఇద్దరినీ చూసి కడుపుబ్బ నవ్వుతాం. చదువుకు తగ్గ పని సొంత ఊళ్లో దొరకని కేరళ యువకుల అవస్థంతా ఆ నవ్వులోనే ఉంది. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు.

రెండేళ్లకు వీరిద్దరే 'వరవేల్పు' ఇచ్చారు. ఏడేళ్లు గల్ఫులో కష్టపడి వచ్చిన మురళి బస్సు కొంటాడు. తెచ్చిన సరుకులు పంచినంతసేపే బంధువుల ప్రేమ. కండక్టరు డబ్బు కాజేస్తాడు, తీసేస్తే యూనియన్ అడ్డం తిరుగుతుంది, బస్సు ధ్వంసమవుతుంది. పొదుపు సొమ్ము పెట్టుబడిగా మారలేకపోవడం ఇంత స్పష్టంగా చూపిన సినిమా నేను చూడలేదు. కాని యూనియన్‌ను దాదాపు ప్రతినాయకుణ్ణి చేసేశారు. కండక్టరు ఇంటి ఖర్చుల లెక్కను కథ పట్టించుకోదు. నా దృష్టిలో అది లోపమే.

గల్ఫుకు పోయి దశాబ్దాలపాటు ఇంటికి డబ్బు పంపుతూ అరిగిపోయినవాడి కథ మమ్ముట్టి నటించిన 'పత్తేమారి' (2015). జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) ఇంకో అడుగు వేసింది. కూరలు తరగడం, ఎంగిలి కంచాలెత్తడం, కారే సింకు గొట్టం కింద నీళ్లు ఎత్తిపోయడం—జీతం లేని చాకిరీని తెరమీద రోజువారీగా పద్దు రాసిపెట్టింది.

ఇడుక్కి కొండల్లోని ఫొటో స్టూడియో యజమాని కథ 'మహేషింటె ప్రతికారం' (2016) తెలుగులో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా 2020లో వచ్చింది. దర్శకుడు వెంకటేష్ మహా దాన్ని ఏదో ఒక ఊరికి కాక అరకుకు తీసుకుపోయి, అక్కడి మాట, అక్కడి మనుషులతో నింపాడు. మంచి పని. అయితే హోసూరులోనో బరంపురంలోనో కొట్టు నడుపుకుంటూ, ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరో భాష మాట్లాడే మనిషి మాత్రం ఇంతవరకు నాకు ఏ తెలుగు సినిమాలోనూ ఎదురుపడలేదు.