ఎనిమిది అంగుళాల స్పీకర్‌లో మంద్రస్థాయి

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను ఏ ఫ్రెట్ మీదా నొక్కకుండా మీటితే అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మిగతా మూడు తీగలు వరసగా 55, 73, 98 హెర్ట్జ్. ఐదు తీగల బేస్ అయితే ఇంకా కిందికి, 31 దాకా దిగుతుంది. ఇంత మంద్రమైన స్వరాలు గది నిండా వినబడాలంటే చాలా గాలిని కదిలించాలి. 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన ఎస్‌వీటీ ఆంప్ 300 వాట్లది; దానికి జోడీగా వచ్చిన క్యాబినెట్‌లో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గదుల్లో, చర్చి వేదికల మీద, ఆర్కెస్ట్రా బృందాల ప్రాక్టీసుల్లో కనిపించేది ఒంటిచేత్తో మోసుకెళ్లే పెట్టె. ఫెండర్ రంబుల్ 25 అలాంటిదే: ఎనిమిది అంగుళాల స్పీకర్ ఒక్కటి, 25 వాట్లు. ఇలాంటి పెట్టెలో మంచి టోన్ రాదని కొనేముందే తీర్మానించుకునేవాళ్లు ఎక్కువ. వస్తుంది. కాకపోతే పెద్ద ఆంప్‌ను నడిపినట్టు దీన్ని నడపకూడదు.

దీని హద్దు ఎక్కడుందో ముందు తెలియాలి. స్పీకర్లు తయారు చేసేవాళ్లు హాఫ్‌మన్ ఉక్కు నియమం అని ఒకదాన్ని చెబుతుంటారు. అమెరికాలో కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద వచ్చిన నియమం అది. చిన్న పెట్టె, గట్టి ధ్వని, లోతైన స్వరం, ఈ మూడింటిలో ఏవైనా రెండే దక్కుతాయని దాని సారం. పెట్టె సైజు మారకుండా స్పీకర్ కింది హద్దును ఒక స్థాయి దించాలంటే సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కోన్ కదలికకూ ఇలాంటి లెక్కే ఉంది: తీవ్రత తగ్గకుండా ఒక స్థాయి కింది స్వరం పలకాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువగా ముందుకూ వెనక్కూ ఆడాలి. క్లాస్ డి సర్క్యూట్లు, స్విచింగ్ పవర్ సప్లైలు వచ్చి ఆంప్ బరువును బాగా తగ్గించాయి. ఈ నియమాన్ని మాత్రం కదపలేకపోయాయి. ఎనిమిది అంగుళాల కోన్ 41 హెర్ట్జ్‌ను గదికి సరిపడా పలకదు.

అయితే చెవికి అందేది ఆ 41 ఒక్కటే కాదు. తీగ మీటగానే దాని రెట్టింపులు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఐదు రెట్లు కూడా అనుస్వరాలుగా వెంట వస్తాయి: 82, 124, 165, 206. తంబురాలో మంద్ర షడ్జం తీగను మీటితే అంతర గాంధారం దానంతటదే వినబడటం కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లందరికీ అనుభవమే. అది ఈ ఐదో అనుస్వరమే. ఇంకో సంగతి ఉంది. అడుగున ఉండాల్సిన ప్రాథమిక స్వరం అసలు లేకపోయినా, దాని పైమెట్లు క్రమంగా వినిపిస్తే మెదడు అడుగుమెట్టును తానే పూరించుకుంటుంది. 1980లలో ఇళయరాజా పాటలను ట్రాన్సిస్టర్ రేడియోల్లో విన్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. అరచేతిలో పట్టే ఆ స్పీకర్లు కింది స్థాయి స్వరాలను పలికే ప్రశ్నే లేదు. అయినా ఆ పాటల్లో బేస్ గిటార్ నడక ఎటు పోతోందో శ్రోతకు తెలిసేది, కూనిరాగంగా నోట్లో ఆడేది. ఆ నడకను మోసుకొచ్చినవి అనుస్వరాలే. చిన్న ఆంప్‌లో టోన్ తేవడమంటే వీటిని శుభ్రంగా పలికించడం. పెట్టె ఇవ్వలేని ఆ కింది స్థాయిని దాని నుంచి గుంజాలని చూడటం మానుకుంటే సగం పని అయినట్టే.

ధ్వని పలచగా వినిపించగానే చెయ్యి బేస్ నాబ్ మీదికి పోవడం సహజం. చెడేది అక్కడే. 3 డెసిబెల్స్ పెంచితే పవర్ రెట్టింపు కావాలి, 6 పెంచితే నాలుగింతలు, 12 పెంచితే పదహారింతలు. 2 వాట్లతో హాయిగా పలుకుతున్న కింది స్వరానికి బేస్ నాబ్‌తో 12 డెసిబెల్స్ కలిపితే 32 వాట్లు అడుగుతుంది. 25 వాట్ల ఆంప్ అవి ఎక్కడి నుంచి తెస్తుంది? తరంగం పైనా కిందా తెగి స్వరం బొంగురుపోతుంది. ఫోన్ టార్చిని గ్రిల్ మీద వేసి చూస్తే మిగతా కథ కంటికే కనిపిస్తుంది: లావు తీగ మీటినప్పుడల్లా కోన్ లోపలికీ బయటికీ ఊగిపోతుంటుంది, ఆ ఊపుకు తగ్గ ధ్వని మాత్రం చెవికి చేరదు. ఊపు హద్దు దాటితే ఫట్‌మని చప్పుడు వస్తుంది. గాలి కోసం రంధ్రం వదిలిన పెట్టెల్లో ఇది మరీ ఎక్కువ. ఆ రంధ్రాన్ని ఏ పౌనఃపున్యానికి శ్రుతి చేశారో దానికి కింద, కోన్‌ను అదుపులో ఉంచే గాలి ఒత్తిడి పెట్టెలో మిగలదు. అందుకే 40 హెర్ట్జ్ దగ్గర కోసేసే హై పాస్ ఫిల్టర్ చిన్న ఆంప్‌కు గొప్ప మేలు చేస్తుంది. పోయేది ఎలాగూ వినపడని భాగమే; మిగిలిన పవరంతా వినపడే భాగానికి దక్కుతుంది.

అమరిక మొదలుపెట్టేటప్పుడు నాబ్‌లన్నిటినీ గడియారంలో పన్నెండు గంటల చోట ఉంచడం మంచి పద్ధతి. అన్నిటికన్నా బలంగా మీటే దెబ్బకు ఎర్రలైటు ఒక్కసారి మెరిసేదాకా గెయిన్ పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పాలి. బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ అయితే దానికోసం ఇచ్చిన ఇన్‌పుట్‌నో బటన్‌నో వాడాలి. ఆ తర్వాతే మాస్టర్ వాల్యూమ్. టోన్ నాబ్‌లలో మొదట ముట్టుకోవాల్సింది మిడ్. 200 నుంచి 250 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరానికి ఒళ్లు వస్తుంది. చిన్న స్పీకర్ నిజంగా పలకగలిగిన నిండుదనం అక్కడే ఉంది. 500 నుంచి 800 మధ్య గుర్రుమనే గుణం, ఏ స్వరమో స్పష్టంగా తెలిసే గుణం ఉంటాయి. ట్రెబుల్‌లో ఎక్కువగా దొరికేది వేలి రాపిడి, ఫ్రెట్ల చప్పుడు. పాత తరహా టోన్ సర్క్యూట్లు కొన్నిటిలో నాబ్ నడిమధ్యన ఉన్నా మధ్య స్వరాలు కోతపడే ఉంటాయి. అలాంటి ఆంప్‌లో మిడ్‌ను మూడు గంటల దాకా తిప్పడానికి జంకనక్కర్లేదు. ఇక కాంటూర్ అనో స్కూప్ అనో ఉండే బటన్ ఈ మధ్య స్వరాలనే తీసేస్తుంది. ఒంటరిగా వాయించేటప్పుడు అది తియ్యగానే ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డ్, గిటార్ తోడైన క్షణంలో బేస్ ఎక్కడుందో తెలియకుండా పోతుంది. చిన్న ఆంప్‌తో బృందంలో వాయించేవారు ఆ బటన్ జోలికి పోకపోవడమే మేలు.

ఇంట్లో కుదిరిన అమరిక రిహార్సల్లో ఎందుకు కుదరదన్నది తరచు వచ్చే ఫిర్యాదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన వక్రరేఖల్లో దీనికి జవాబుంది. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు చెవి కింది స్వరాలను బాగా తక్కువగా వింటుంది. తీవ్రత పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుంది. అందుకే రాత్రిపూట మెల్లగా వాయించేటప్పుడు బేస్ పెంచుకోవడంలో తప్పు లేదు, అప్పుడు పవర్ కూడా మిగిలే ఉంటుంది. అదే అమరికతో వాల్యూమ్ పెంచితే స్వరం బురదబురదగా మారుతుంది, ఆంప్ కూడా చేతులెత్తేస్తుంది. వాల్యూమ్ పైకి పోతుంటే బేస్ నాబ్ కిందికి రావాలి.

ఆంప్‌ను ఎక్కడ పెట్టారన్నది నాబ్‌లన్నిటికన్నా ఎక్కువ మార్పు తెస్తుంది. దీనికి ఖర్చు లేదు, అందుకేనేమో ఎక్కువమంది పట్టించుకోరు. గోడకు దగ్గరగా ఉన్న స్పీకర్ వెనక్కి పంపిన ధ్వని గోడకు కొట్టి తిరిగొచ్చి ముందు ధ్వనితో కలుస్తుంది. కింది స్వరాల్లో ఈ కలయిక 6 డెసిబెల్స్ దాకా లాభం ఇవ్వగలదు. నాలుగింతల వాట్లు చేసే పనిని గోడ ఉచితంగా చేసి పెడుతుందన్నమాట. మూలలో పెడితే లాభం ఇంకా పెరుగుతుంది, గుబగుబ కూడా దాంతోపాటే పెరుగుతుంది. రంధ్రం వెనక వైపు ఉన్న పెట్టె అయితే గోడకు జానెడు ఎడం ఉంచాలి. అన్నిటికన్నా చెడ్డ చోటు గోడకు మీటరు దూరం. అక్కడ వెళ్లి తిరిగొచ్చే తరంగం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురు తిరిగి ముందుదాన్ని రద్దు చేస్తుంది. 86 అంటే దాదాపుగా 73 హెర్ట్జ్ పలికే డి తీగ మీద మూడో ఫ్రెట్, అంటే ఎఫ్ స్వరం. లావు తీగ మీద మొదటి ఫ్రెట్‌లో పలికే మంద్ర ఎఫ్‌కు రెండో అనుస్వరం కూడా అదే. పాటలో ఎఫ్ వచ్చినప్పుడల్లా బేస్ కుంగిపోతుంటే వేళ్లను తప్పు పట్టేముందు పెట్టెను గోడ దగ్గరికి జరిపి చూడాలి.

నేల కూడా గోడలాగే సాయపడుతుంది కాబట్టి ఆంప్‌ను స్టూల్ మీదికి ఎక్కిస్తే కొంత నిండుదనం పోతుంది. నేల మీదే ఉంచితే మరో చిక్కు. పై స్వరాలు స్పీకర్ ముందు సూటిగా పోతాయి, వాయించేవారి పిక్కలకు తగిలి ఆగిపోతాయి. చెవి ఐదడుగుల ఎత్తున ఉంటుంది. తనకు స్పష్టత లేదనుకుని ఆయన ట్రెబుల్ పెంచుతాడు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు గిల్లుమంటాయి. ముందు అంచు కింద చెక్కముక్క పెట్టి ఆంప్‌ను వెనక్కి వాల్చితే రెండు చిక్కులూ తీరతాయి. నేల సాయం పోదు, స్పీకర్ ముఖం చెవి వైపు తిరుగుతుంది.

గది కూడా తన స్వరం తాను కలుపుతుంది. ఎదురెదురు గోడల మధ్య పదకొండున్నర అడుగులున్న పడకగదిని తీసుకుంటే దాని మొదటి అనునాదం 49 హెర్ట్జ్ దగ్గర, రెండోది 98 దగ్గర పడతాయి. 49 లావు తీగ మీద మూడో ఫ్రెట్, 98 ఏకంగా సన్న తీగ ఖాళీ స్వరం. రెండూ జి. ఆ గదిలో జి మీటినప్పుడల్లా కిటికీ అద్దాలు దడదడలాడతాయి, పక్క ఫ్లాట్‌కు వినబడేది కూడా ఆ ఒక్క స్వరమే. దీనికి నాబ్‌లో మందు లేదు. ఆంప్‌నో కూర్చునే కుర్చీనో నాలుగడుగులు జరపడమే మందు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం వల్ల హమ్ కూడా 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర, అంటే దాదాపు ఆ జి మీదే వచ్చి కూర్చుంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, ఫోన్ చార్జర్, లైటు డిమ్మర్ దగ్గర సింగిల్ కాయిల్ పికప్ గోల చేస్తుంది. గిటార్‌ను అటూ ఇటూ తిప్పితే ఏ దిక్కున తగ్గుతుందో తెలిసిపోతుంది. పాత ఇళ్లలో ఎర్త్ సరిగా లేకపోవడం మామూలే. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు కొందరికి ఉంది. తీగలను తాకే చేతికి షాక్ కొట్టే ప్రమాదం అందులో ఉంది; ఎంత హమ్ వచ్చినా ఆ పని చేయకూడదు.

ఇంత చేశాక మిగిలేది చెయ్యి. బేస్ గిటారిస్ట్ జేమ్స్ జేమర్సన్ చిన్న క్లబ్బుల్లో ఆంపెగ్ బీ-15తో వాయించేవాడు. 1960లో వచ్చిన ఆ ఆంప్ 30 వాట్లు మించదు, స్పీకర్ మాత్రం పదిహేను అంగుళాలు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలను మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ మూత కింద ఫోమ్ ముక్క ఉండేది. ఆ ఫోమ్ స్వరం తోకను కత్తిరించి మొదటి దెబ్బను నిలబెడుతుంది, కింది స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకోవు. ఈ చిట్కా ఎనిమిది అంగుళాల పెట్టెకు కూడా అచ్చంగా పనికొస్తుంది. ఇక మీటే చోటు: మెడ దగ్గర మీటితే ప్రాథమిక స్వరం బలంగా వస్తుంది, బ్రిడ్జ్ వైపు జరిగేకొద్దీ అనుస్వరాలు పెరుగుతాయి. చిన్న ఆంప్‌కు బ్రిడ్జ్ వైపు రెండు అంగుళాలు జరిగి మీటడం చాలాసార్లు ఏ నాబ్ కన్నా బాగా పనిచేస్తుంది. బలంగా మీటితే మొదటి క్షణపు ఎత్తు పవరంతా తినేస్తుంది, వెనక నిలిచే స్వరానికి ఏమీ మిగలదు. మెత్తగా మీటి గెయిన్ పెంచుకుంటే అదే ఆంప్ మరింత నిండుగా పలుకుతుంది. చేతికి ఇది అలవడేదాకా నాలుగుకు ఒకటి నిష్పత్తిలో కంప్రెసర్ పెట్టుకోవచ్చు.

తీగలు కొత్త రౌండ్‌వౌండ్ అయితే అనుస్వరాలు ధారాళంగా ఉంటాయి, గీరు చప్పుడు కూడా ఉంటుంది. కొన్ని వారాలు వాడి మెరుపు తగ్గిన జత చిన్న స్పీకర్‌కు బాగా నప్పుతుంది. ప్రీఆంప్‌లో కొంచెం ఓవర్‌డ్రైవ్ కలపడం ఇంకో దారి. అది తీగలో లేని అనుస్వరాలను కూడా పుట్టిస్తుంది కాబట్టి స్వరం ముందుకు వస్తుంది. కోన్ హద్దు దాటి చేసే చప్పుడుకూ దీనికీ పోలిక లేదు. ఇది సాయం, అది స్పీకర్ చావుకేక.

డ్రమ్స్ పక్కన 25 వాట్లు చాలవు. గట్టిగా కొట్టే డ్రమ్మర్‌తో పోటీకి దిగి వాల్యూమ్ చివరిదాకా తిప్పడం కన్నా లైన్ అవుట్ ఉంటే దాని నుంచి పీఏ మిక్సర్‌కు వైరు లాగడం సరైన పని. అప్పుడు చిన్న ఆంప్ వాయించేవారి సొంత మానిటర్ అవుతుంది. ఆ లైన్ టోన్ నాబ్‌లకు ముందు నుంచి పోవాలా తర్వాత నుంచి పోవాలా అని ఎంచుకునే స్విచ్ కొన్ని ఆంప్‌లలో ఉంటుంది. దాన్ని ముందుకే ఉంచాలి. తగ్గించిన బేస్, పెంచిన మిడ్ ఎనిమిది అంగుళాల స్పీకర్ కోసం చేసిన సర్దుబాట్లు. పద్దెనిమిది అంగుళాల సబ్‌వూఫర్లున్న పీఏకు అవి అక్కర్లేదు, 41 హెర్ట్జ్‌ను అది పలకగలదు. వైరు పెట్టగానే హమ్ మొదలైతే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కాలి.