దమ్ము పట్టకూడని చోటు

ఉదయగిరి, ఆత్మకూరు పక్కపల్లెల్లో పెద్దవాళ్లను ఈత ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఎవరో ఒకరి బావి పేరే చెబుతారు. ఇది మెట్ట. పెన్న ఒడ్డు ఊళ్లను వదిలేస్తే, సోమశిల నీళ్లు అందని చోట సేద్యం ఒకప్పుడు కపిల బావుల మీద, తర్వాత ఆయిలింజన్ల మీద నడిచింది. రాతికట్టు, ఒక పక్క దిగడానికి మెట్లు, నడి ఎండాకాలంలోనూ అడుగున రెండు నిలువుల నీళ్లు. సెలవులిచ్చారంటే పిల్లకాయలంతా అక్కడే.

నేర్పడానికి పుస్తకం లేదు గానీ ఒక వరస ఉంది. ముందు మెట్టు మీద కూర్చుని కాళ్లాడించాలి. తర్వాత వీపుకు బెండ్లో, ఎండిన సొరబుర్రో కట్టి, నడుముకు చేంతాడు బిగించి నీళ్లలోకి వదులుతారు. తాడు రెండో కొస గట్టు మీద మామ చేతిలోనో పెదనాయన చేతిలోనో ఉంటుంది. "నేనుండా గదరా, కొట్టు కాళ్లు!" అని అరుస్తూనే ఉంటాడాయన. రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తగ్గుతాయి, తాడు కూడా వదులవుతుంది. అది వదులైన సంగతి పిల్లకాయకు చివరిదాకా తెలియనివ్వకపోవడంలోనే నేర్పేవాడి పనితనమంతా ఉంది.

ఈత వచ్చాక పందేలు మొదలవుతాయి. పైనుంచి తెల్లరాయి వేసి వెతికి తేవాలి, లేదా గుప్పెట్లో అడుగు మట్టి తెచ్చి చూపించాలి. దమ్ము ఎవరికెంతో అక్కడే తేలుతుంది. గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, తలకిందులుగా దిగాలి. కిందికి పోయేకొద్దీ చెవులు పోటెత్తుతాయి. ముక్కు పట్టుకుని లోపలినుంచి మెల్లగా గాలి నొక్కితే ఆ పోటు తగ్గుతుందని ఒకణ్ని చూసి ఇంకొకడు పట్టేస్తాడు. బావిలో బిందె పడి, పాతాళగరిగెకు తగలకపోతే పిలుపొచ్చేది ఇలాంటి దమ్మున్నవాడికే.

ఈ పందేల్లో ఒక ప్రమాదం కూడా ఉంది. మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే దమ్ము పెరుగుతుందని చాలామంది నమ్మకం. అలా చేస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే తహతహ పుట్టించేది ఆ కార్బన్ డయాక్సైడే. అది తగ్గితే తహతహ పుట్టకముందే స్పృహ తప్పొచ్చు. గజ ఈతగాడు బావిలో పోయాడంటే ఊళ్లో దయ్యం కథ లేస్తుంది గానీ, దయ్యం కన్నా ముందు అనుమానించాల్సింది దీన్ని.

బోర్లు వచ్చాక ఆ బావులు చాలావరకు ఎండాయి, కొన్నిట్లో ముళ్లకంప మొలిచింది. ఇప్పటి కుర్రాళ్లలో నీటి అడుగు చూడాలన్న సరదా ఉన్నవాళ్లు చెన్నైలో అండమాన్ విమానం ఎక్కుతున్నారు. మనకు సముద్రం పక్కనే ఉన్నా పగడపు దిబ్బలు లేవు. పగడాలకు వెచ్చటి, ఉప్పటి, తేటనీళ్లు కావాలి. పెన్న, కృష్ణ లాంటి నదులు తెచ్చి పోసే ఒండ్రు వాటికి పడదు. విశాఖ రుషికొండ దగ్గర స్కూబా నేర్పేవాళ్లున్నారు గానీ అక్కడ కనిపించేవి రాళ్లు, చేపలు. పగడపు దిబ్బలు కావాలంటే మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. కొత్తవాళ్లకు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ బాగా అనువు. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. అక్కడి నీమో రీఫ్‌లోకి పడవ లేకుండా ఒడ్డునుంచే నడిచి దిగొచ్చు. లోతు మెల్లగా పెరుగుతుంది. భాష బెంగ కూడా అక్కర్లేదు, 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే.

బావి ఈత వచ్చినవాడికి స్కూబా సగం వచ్చినట్టేనంటారు. నేను ఒప్పుకోను. నీళ్లంటే బెదురు ఉండదు, చెవుల సంగతి తెలుసు, అంతవరకు నిజం. కానీ బావి నేర్పిన ముఖ్యమైన విద్య ఏదో, దాన్నే ఇక్కడ మానుకోవాలి. స్కూబాలో మొదటి సూత్రం, దమ్ము పట్టకూడదు.

1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గన్యాన్ అనే ఇద్దరు తయారుచేసిన పరికరం వల్ల ఈ తేడా వచ్చింది. వీపున సిలిండర్, నోట్లో రెగ్యులేటర్. మనం పీల్చినప్పుడే అది గాలి ఇస్తుంది. చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుందో అంత ఒత్తిడితో ఇస్తుంది. పది మీటర్ల లోతులో ఆ ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ గుండెల నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే లోపలి గాలి రెండింతలవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు తట్టుకోలేవు. బావిలో ఈ గొడవ లేదు. గట్టు మీద పీల్చిన గాలి లోతుకు పోతే కుంచించుకుంటుంది, పైకొస్తే మళ్లీ మొదటంతే అవుతుంది. లోతు తక్కువ కదా, ఏం కాదులే అనుకోవడం మరీ తప్పు. గాలి పరిమాణం అన్నిటికన్నా వేగంగా మారేది పైనున్న ఆ పది మీటర్లలోనే. మొదటిసారి వెళ్లేవాళ్లను 12 మీటర్లు దాటనివ్వరు కాబట్టి వాళ్లు తిరిగేదంతా దాదాపు అక్కడే.

పైకి రావడం కూడా నింపాదిగా ఉండాలి, నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా. అడుగునుంచి ఒక్క తన్నుతో పైకి లేవడం బావి ఈతగాడి ఒంట్లో ఉంటుంది. నేర్పేవాడు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని ఉండేది ఎక్కువగా దీనికోసమే. బొటనవేలు పైకెత్తి "భేష్" అని చూపించే అలవాటు కూడా ఒడ్డునే వదిలేయాలి. నీళ్లలో దానర్థం "పైకి పోదాం పద" అని.

ఊపిరి కుదిరాక దానితోనే ఒంటిని నడపొచ్చు. ఉప్పునీళ్లు మనిషిని పైకి తోస్తాయి కాబట్టి నడుముకు సీసపు బరువులు కడతారు. బరువు సరిపోయాక, నిండుగా పీలిస్తే మనిషి జానెడు పైకి లేస్తాడు, వదిలితే దిగుతాడు. చేతులు ఆడించే పనే లేదు. సముద్రపు పువ్వు అనే జీవి చేతుల మధ్య దూరిన నారింజరంగు విదూషక చేప మొహం ముందు కదలకుండా ఆగి, దాని తెల్లచారలు చూడగలిగితే పాఠం వచ్చినట్టే.

బావిలో ఆయాసమొస్తే రాతికట్టు పట్టుకుంటాం, సందులో కాలు పెడతాం. పగడం కూడా అచ్చం రాయిలాగే ఉంటుంది గానీ దాని పైపొర నిండా ప్రాణులే. ఆ చిన్నజీవుల ఒంట్లో కాపురముండే నాచు వాటికి తిండి వండిపెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో చాలాచోట్ల అదే జరిగింది. అసలే దెబ్బతిన్నదాని మీద మన కాలు కూడా పడకూడదు. అలసిపోతే నేర్పేవాడికి సైగ చేయాలి, పగడాన్ని పట్టుకోకూడదు.

జలుబు చేసినవాళ్లు ఆ రోజుకు మానుకోవాలి, చెవులు తెరుచుకోవు. ఉబ్బసమున్నవాళ్లు డాక్టరును అడిగే దిగాలి. డైవింగ్ అయ్యాక విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలి, ఒకటికి మించి దిగితే 18 గంటలు. డైవింగ్‌ను తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పెట్టుకునేవాళ్లు చాలామంది. వెళ్లిన మర్నాడే దిగితే ఆ చిక్కు ఉండదు.