పొగగొట్టపు పూతతో ఇంజను బలము పెరుగునా?

రామకుప్పము నుండి కుప్పమునకు కూరగాయలు మోయు వాను యజమానికి, "సైలెన్సరు పైపుకు సెరామిక్ కోటింగ్ వేయించన్నా, బండి బాగా లాగుతాది" అను సలహా దొరకుట వింత కాదు. ఖర్చు వేలలో ఉండును గనుక ఈ మాటను పరీక్షించి చూడవలసియున్నది.

పెట్రోలు మండగా పుట్టిన ఉష్ణములో సుమారు మూడవ వంతు పొగతో పోవును. పూత ఆ వేడిని గొట్టములోనే నిలుపునని, వేడి పొగ వడిగా పోవుటచే ఇంజనుకు శ్రమ తగ్గునని వాదము. ఇది పూర్తిగా అబద్ధము కాదు. టర్బో గల బండిలో కొంత నిజము కూడ. కాని ఎంత?

జెట్ ఇంజను రెక్కలకు జిర్కోనియా పూత వేయుదురు. హైదరాబాదు దగ్గర బాలాపూరులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రములో ఇట్టి పూతలపై కృషి జరుగుచున్నది. ఆ రెక్క గుండా చదరపు మీటరుకు 10 లక్షల వాట్ల వేడి ప్రవహించుననుకొన్నచో, 0.3 మిల్లీమీటర్ల పూత 150 డిగ్రీల తేడాను నిలుపగలదు. మోటారు పొగగొట్టము నుండి పోవునది 30 వేల వాట్లకు అటునిటు. అదే పూత ఇక్కడ నిలుపునది నాలుగైదు డిగ్రీలే! రెక్కల పేరు చెప్పి గొట్టపు పూత నమ్ముట సరికాదు.

అయినను పూత వేసిన గొట్టము చుట్టు వేడి తగ్గిన మాట నిజమే. కారణము మందము కాదు, మెరుపు. 600 డిగ్రీల వద్ద నల్లబడిన ఇనుము పోగొట్టుకొను వేడిలో సుమారు మూడింట రెండు వంతులు వికిరణమే. మెరయు తలము తక్కువ వికిరణము చేయునని 1804లోనే జాన్ లెస్లీ వేడినీటి లోహపు పెట్టెతో చూపెను. ఉపాధ్యాయులు రెండు డబ్బాలలో వేడినీరు పోసి, ఒకదానికి కిరసనాయిలు దీపపు మసి పట్టించి, థర్మామీటర్లతో దీనిని చూపవచ్చును. మసి డబ్బా ముందు చల్లారును. కనుక నల్లని పూత వేయించుకొన్నవారికి ఈ లాభము కూడ దక్కదు.

బానెట్టు క్రింద చల్లబడినచో పీల్చుగాలి చిక్కనగును. 10 డిగ్రీలు తగ్గిన సాంద్రత సుమారు 3 శాతము పెరుగును. పెట్రోలు ఇంజనులో, అదియు యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినపుడే, ఆ మేరకు బలము రావచ్చును. గాలిని బయటినుండి పీల్చు బండికి అదియు లేదు.

ఎండలో ఒక దినము, వాన వెలిసిన మరునాడు ఇంకొకమారు నడిపి పోల్చిన పరీక్ష పరీక్ష కాదు; ఆ వాతావరణపు తేడాయే 3 శాతమును మింగివేయును. పైగా బయట పూత వేసిన గొట్టపు లోహము మునుపటికంటె వేడెక్కును. పాత పోతయినుప గొట్టమైనచో పగులు వచ్చు ప్రమాదము కలదు.