పాత కోత మిషన్‌కు పదునే ప్రాణం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో చెట్టు కోత ఇప్పుడు అడవి పని కంటే తోట పనే ఎక్కువ. కలప వాడే కమలాపురం రేయాన్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014లో ఆగిపోయినా, సారపాక కాగితం మిల్లు 1990ల నుంచి రైతులకు అందించిన క్లోనల్ జామాయిల్, దానితోపాటు సుబాబుల్ గోదావరి వైపు పొలాల్లో నిలిచాయి. వాటిని టన్నుకు ఇంత అని గుత్తకు కోసే ముఠాలకు పెట్రోల్‌తో నడిచే కోత మిషనే (చైన్‌సా) బతుకుతెరువు. పేరున్న కంపెనీ కొత్త మిషన్ అందరూ కొనలేరు కాబట్టి సెకండ్‌హ్యాండ్ బేరాలు సాగుతుంటాయి. ఆ బేరం మంచిదే, కొనేవాడికి ఆకురాయి పట్టడం వస్తే. అది రాకపోతే కొత్త మిషన్ కూడా ఏడాది తిరగకుండా పాతదైపోతుంది.

చూడాల్సింది రంగు కాదు, ఇంజన్ లోపలి ఒత్తిడి. ముందే వేడి చేసి పెట్టిన మిషన్ ఒక్క లాగుకే అందుకుంటుంది, దాన్ని నమ్మకూడదు. చల్లారాక స్విచ్ ఆపి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను వేలాడదీయాలి. ఆగి ఆగి కిందికి దిగితే కంప్రెషన్ ఉన్నట్టు. సర్రున జారితే రింగులో, పిస్టనో అరిగినట్టు. తర్వాత సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే పిస్టన్ కనిపిస్తుంది. దాని మీద నిలువు గీతలుంటే చాలావరకు ఆయిల్ చాలని పెట్రోల్‌తో నడిపారని అర్థం. అలాంటిది ఎంత చవకకు వచ్చినా వద్దు. బార్, చైన్, స్ప్రాకెట్ అరగడం పెద్ద లోపమేమీ కాదు. అవి ఎలాగూ మార్చేవే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగొచ్చు. బ్రేకు విషయంలో మాత్రం రాజీ లేదు. పూర్తి రేజ్‌లో చైన్ సెకనుకు 20 మీటర్ల దరిదాపుల్లో పరుగెత్తుతుంది. బార్ కొస పైభాగం కొయ్యకు తగిలితే మిషన్ మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. ముందున్న గార్డును తోసిన క్షణమే చైన్ ఆగాలి.

ఇక పదును. నేటి చైన్ పన్ను 1946లో అమెరికాలో జో కాక్స్ అనే కట్టె కోత కార్మికుడి ఆలోచన. చెక్కను తొలిచే పురుగు తన దవడలతో కుడికీ ఎడమకూ కోసుకుంటూ పోవడం చూసి, అతను పళ్ళను ఒకటి అటు, ఒకటి ఇటు అమర్చాడు. అందుకే నూరేటప్పుడు ఒక వైపు పళ్ళన్నీ ముగించి, తిరిగి నిలబడి రెండో వైపు పట్టాలి. చైన్ కొలతను బట్టి 4 లేదా 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, చాలా చైన్లకు 30 డిగ్రీల ఏటవాలు, లోపలి నుంచి బయటికే తోపు. పన్నుకు రెండు మూడు తోపులు చాలు, కానీ అన్ని పళ్ళకూ సమానంగా పడాలి. ఒక వైపు పొట్టిగా అరిగితే కోత వంకరపోతుంది. పన్ను ముందుండే చిన్న మెట్టు పన్ను కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి. దాన్ని ఎక్కువ అరగదీస్తే చైన్ కొయ్యను పట్టి గుంజుతుంది, తక్కువైతే కోయకుండా జారుతుంది. రంపం పళ్ళను ఒక్కొక్కటే కంటితో చూసి నూరే మన వడ్రంగుల ఓర్పు ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పదునైన చైన్ చెక్కపేళ్ళు రాలుస్తుంది, మొద్దుబారినది మెత్తటి పొట్టు రాలుస్తుంది. ఆ పొట్టు కనబడగానే పని ఆపి కూర్చోవాలి. బలవంతంగా నొక్కి కోస్తే ఇంజనూ బారూ కాలడమే కాదు, రైతుకూ నష్టం: జామాయిల్ మోడు నుంచే మళ్ళీ పిలకలు రావాలి, బెరడు చీలిపోతే అవి బలంగా రావు.

ఇంత తంటా ఎందుకు, పాత మిషన్ ధరకే వారంటీతో చవక కొత్తది వస్తుంది కదా అనేవారున్నారు. వారి మాటలో కొంత నిజముంది, పాత మిషన్‌కు వెనక నిలబడేవారు ఉండరు. అయితే చవక మిషన్లకు విడిభాగాలు దొరకడమే కష్టం. పేరున్న పాత మిషన్‌కు పిస్టన్ నుంచి కార్బురేటర్ పొర దాకా దొరుకుతాయి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి బజాజ్ చేతక్ నడిపిన కాలం నాటి మెకానిక్‌కు ఈ ఇంజన్ కొత్తేమీ కాదు. ఆయిల్ పాళ్ళు మాన్యువల్ చెప్పినట్టే ఉండాలి: 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. కంటి అంచనాతో పోయడమే ఎక్కువ ఇంజన్లను చంపుతుంది.

మిషన్ చవకైతే అడవికి ముప్పు కదా అన్న ప్రశ్న మరింత బరువైనది. ములుగు అడవుల పక్కన బతికేవారు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా రకాల చెట్లు నరకడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి అవసరం, ఆ నిబంధన మిషన్ పాతదైనా కొత్తదైనా ఒక్కటే. కానీ అడవి పక్కన మిషన్ అవసరమూ ఉంటుంది: 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో గాలివానకు వేలాది చెట్లు కూలాయి. అలా కూలినవి దారికో కరెంటు తీగకో అడ్డం పడితే గొడ్డలితో తొలగించడం రోజుల పని. దొంగకోతను ఆపాల్సింది చెక్‌పోస్టు దగ్గర, మెకానిక్ షాపులో కాదు.

వానలు పడి పొలాల్లోకి లారీలు దిగడం ఆగగానే మిషన్‌కూ సెలవు. అప్పుడు ట్యాంకులో పెట్రోల్ వదిలేయకూడదు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ తేమను లాక్కుని కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతటది ఆగేదాకా నడపాలి. ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టాలి. బార్ గాడిలో పేరుకున్న పొట్టు గీకి, ఆయిల్ రంధ్రం తెరిచి, బార్‌ను తిరగేసి బిగించాలి. అలా చేస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి. చైన్‌ను ఆయిల్‌లో నానబెట్టి ఉంచితే కోతల కాలానికి తుప్పు లేకుండా చేతికొస్తుంది.