బండి బరువు మీద బిగించాలి

రిపేరు పుస్తకాల్ని మనం సాహిత్యం కింద లెక్కపెట్టం. వాటికి సమీక్షలు రావు, సభలు జరగవు. గ్రీజు మరకలంటుకున్న పుస్తకాన్ని అల్మరాలో పెట్టుకునేవాళ్ళు కూడా తక్కువే. కానీ, చదివే మనిషి ఒళ్ళు నేరుగా ఒక వాక్యం మీద ఆధారపడే గద్యం ఇంకెక్కడుంది? నవలలో ఒక పేరా బోధపడకపోతే పేజీ తిప్పేస్తాం. సస్పెన్షన్ అధ్యాయంలో సగం వాక్యం దాటేస్తే, దాని ఫలితం మూడు నెలల తర్వాత లంకెలపాలెం జంక్షన్లో, లారీ పక్కన, బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది.

పాత బండి ఉన్నవాడికి ఈ గద్యంతో పని తప్పదు. నా దగ్గరున్నది ఫోర్డ్ ఐకాన్ 1.6. 1999లో వచ్చిన మోడల్, అప్పట్లో ‘జోష్ మెషీన్’ అని ప్రకటనలిచ్చారు. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక ట్విస్ట్ బీమ్. నిర్మాణం చూస్తే మామూలే, నడిపితే మాత్రం ఇప్పటికీ హుషారు. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్లు తయారుచెయ్యడం మానుకుంటున్నట్టు ప్రకటించాక ఇలాంటి బళ్ళకి మిగిలిన దిక్కు రెండే: మెకానిక్ షెడ్డు, మాన్యువల్. ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే అసలు సమస్య. ఆ మాట చెప్పడానికే నాలుగు పుస్తకాల్ని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

మొదటిది అందరికీ తెలిసిందే. రాబర్ట్ పిర్సిగ్ రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’, 1974. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో దీన్ని చదివినవాళ్ళకంటే మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ. అందులో నాకు నచ్చే ఘట్టం ఒకటుంది. స్నేహితుడి ఖరీదైన బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ హ్యాండిల్ వదులవుతుంది. కథకుడు బీరు డబ్బా రేకు కత్తిరించి మధ్యలో పెడదామంటాడు. పల్చటి అల్యూమినియం, తుప్పు పట్టదు, ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. స్నేహితుడు మాత్రం చిన్నబుచ్చుకుంటాడు. అతనికి కనిపించేది రేకు గుణం కాదు, బీరు డబ్బా. వస్తువు ఏం చేస్తుందన్నది చూసేవాడు ఒకడు, ఎక్కడినుంచి వచ్చిందన్నది చూసేవాడు ఇంకొకడు. పిర్సిగ్ పుస్తకం మొత్తానికి ఈ తేడాయే పునాది.

పరవాడలో ఈ ఘట్టం చదివితే కొంచెం నవ్వొస్తుంది. ఇక్కడ ఏ షెడ్డులో చూసినా బీరు డబ్బా రేకు పెట్టే కథకులే. దానికి ఎవరూ తత్వశాస్త్రం రాయలేదు, అంతే. పిర్సిగ్‌తో నా పేచీ అక్కడే మొదలవుతుంది. ఆయన పుస్తకంలో మెకానిక్‌లు ఎక్కువగా పాడుచేసేవాళ్ళుగానే కనిపిస్తారు. రేడియో పెట్టుకుని, మనసు పెట్టకుండా, బండిని ఆగం చేసే కుర్రాళ్ళు. పనికి బయట నిలబడి చూసే ప్రేక్షకుల్లాంటివాళ్ళని ఆయన అభియోగం. మాన్యువల్స్ రాసేవాళ్ళ మీద కూడా అదే అభియోగం మోపుతాడు, ఆ రెండోది నిజం కూడా. కానీ మెకానిక్ విషయంలో ఆయన చూపు బండి సొంతదారుడి చూపు. మాన్యువల్ ఉన్నది ఆయన సంచీలో. అది షెడ్డులో ఉన్న కుర్రాడి చేతికి ఎందుకు చేరలేదన్న ప్రశ్న నాలుగొందల పేజీల్లో ఆయనకి పెద్దగా తట్టదు. బీరు డబ్బా ఎక్కడిదాకా పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది కూడా చెప్పడు. హ్యాండిల్ దగ్గర అది తెలివి. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ దగ్గర అదే పని చేస్తే చక్రం విడిపోతుంది. ఆ గీత ఎక్కడుందో చెప్పేది తత్వం కాదు, మాన్యువల్.

రెండోది ఆ మాన్యువలే. జాన్ హేన్స్ సిలోన్‌లో తేయాకు తోటల మధ్య పెరిగినవాడు, తర్వాత బ్రిటిష్ వాయుసేనలో చేరాడు. ఏడెన్‌లో పని చేస్తున్నప్పుడు స్నేహితుడి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌ని విప్పి మళ్ళీ కడుతూ, ప్రతి మెట్టునీ ఫొటో తీశాడు. కంపెనీ మాన్యువల్ మామూలు మనిషికి పనికిరాదని అప్పుడే అర్థమైంది. 1966లో వచ్చిన మొదటి హేన్స్ మాన్యువల్ ఆ చిన్న స్పోర్ట్స్ కారు గురించే. హేన్స్ పద్ధతి ఒకటే: రాసేముందు బండి నిజంగా విప్పాలి. పని ఎంత కష్టమో ఒకటినుంచి ఐదు పానాల బొమ్మలతో చెప్తాడు. ఒక్క పానా ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు, ఐదుంటే ముట్టుకోవద్దు. విమర్శకులు నేర్చుకోదగ్గ మర్యాద ఇది. పాఠకుడి స్తోమత ఎంతో ముందే అడగడం.

అయినా హేన్స్ గద్యానికి ఒక జబ్బుంది. విప్పేటప్పుడు చూపించిన ఓపిక బిగించేటప్పుడు ఉండదు. విప్పినదానికి తలకిందులుగా బిగించుకోమని ఒక్క మాటలో తేల్చేస్తాడు. ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా తెలుసు, బిగించడం విప్పడానికి తలకిందులు కాదు. సస్పెన్షన్‌లో అయితే అస్సలు కాదు.

రబ్బరు బుష్ సంగతే చూడండి. లోయర్ ఆర్మ్‌ని బండికి కలిపేచోట బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని రబ్బరు ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టేసుకుంటుంది. అక్కణ్ణుంచి చక్రం పైకి కిందికి వెళ్ళినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. అందుకే మాన్యువల్ చెప్తుంది, ఆ బోల్టుని చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద పడ్డాకే అని. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోయి, నిలబడి ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. పది గతుకులకి ముందే సగం అలసిపోయి ఉంటుందన్నమాట. నాలుగు నెలల్లో చిరుగుతుంది. “మొన్ననేగా ఏసేం, మళ్ళీ పోనాది బాబూ, డూప్లికేటు సరుకు” అంటాడు మేస్త్రీ. సరుకు మంచిదే అయ్యుండొచ్చు. పోయింది వాక్యం.

ఆ వాక్యం ఎందుకు పోతుంది? ఇది సాహిత్య విమర్శ ప్రశ్నే. మాన్యువల్‌లో ఆ సూచన మెట్టు చివర్లో, సగం వాక్యంగా, ‘ఎందుకంటే’ లేకుండా ఉంటుంది. కారణం చెప్పని ఆదేశాన్నే మనిషి ముందు వదిలేస్తాడు. పైగా బండి కిందికి దించాక ఆ బోల్టుకి పానా అందాలంటే ర్యాంపో గొయ్యో కావాలి. రోడ్డు పక్క షెడ్డులో రెండూ ఉండవు. రాసినవాడి ఊహలో ర్యాంపు ఉంది. చదివేవాడికి ఉన్నది ఒక జాకీ, రెండు రాళ్ళు. రెండు పక్కలా చక్రాల కింద ఒకే ఎత్తు దుంగలు పెట్టి, బరువు దించి, పడుకుని బిగించొచ్చు. కారణం తెలిస్తే ఆ ఉపాయం మేస్త్రీకి ఒక్క నిమిషంలో తడుతుంది. కారణం చెప్పకపోవడం వల్ల మాన్యువల్ తన పాఠకుడి తెలివిని వాడుకోలేకపోయింది.

మూడో పుస్తకం ఈ లోపం లేనిది. జాన్ మూయిర్ 1969లో సొంతంగా అచ్చేసుకున్న ‘హౌ టు కీప్ యువర్ ఫోక్స్‌వాగన్ అలైవ్’. ఆయన ఇంజినీరు, ఉద్యోగం వదిలేసి బళ్ళు బాగుచేసుకుంటూ బతికాడు. పీటర్ ఆష్‌వాండెన్ గీసిన బొమ్మలు వాక్యాలకి చేతులూ కాళ్ళూ ఇస్తాయి. మూయిర్ పాఠకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. ఏ సామాను తెచ్చుకోవాలి, ఎక్కడ చెయ్యి కోసుకుంటుంది, ఎక్కడ విసుగొస్తుంది, ఎప్పుడు టీ తాగి రావాలి, అన్నీ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతిదానికీ ఎందుకో చెప్తాడు. పిర్సిగ్ శ్రద్ధ గురించి రాశాడు, మూయిర్ శ్రద్ధతో రాశాడు. నాకు రెండోదే పెద్ద పుస్తకం.

నాలుగోది రిపేరు పుస్తకం కాదు, అభియోగపత్రం. రాల్ఫ్ నేడర్ ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’, 1965. మొదటి అధ్యాయం షెవర్లే కార్వేర్ అనే కారు వెనక సస్పెన్షన్ మీద. దాన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు, ఊగే ఇరుసు. లోపలివైపు మాత్రమే కీలు ఉంటుంది కాబట్టి చక్రం పైకి కిందికి పోయినప్పుడల్లా దాని వాలు కూడా మారుతుంది. మలుపులో గాభరాపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి వెనక భాగం పైకి లేచి, బయటివైపు చక్రం లోపలికి మడుచుకోవచ్చు. దీన్ని అదుపులో ఉంచడానికి కంపెనీ ఎక్కువగా నమ్ముకున్నది గాలి లెక్క: ముందు టైర్లకి 15 పిఎస్‌ఐ, వెనక 26.

నేడర్ గద్యంలో బలం ఆ సంఖ్యని పట్టుకోవడంలో ఉంది. లెక్క తప్పని కాదు ఆయన గొడవ. ప్రాణం నిలబెట్టే ఆ తేడాని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? సొంతదారుడా, గాలి కొట్టే కుర్రాడా? మన పెట్రోలు బంకులో అడక్కపోతే నాలుగు చక్రాలకీ ఒకే లెక్క కొట్టేస్తారు. అక్కడా అంతే. భద్రతని ఇనుములో పెట్టకుండా కాగితం మీద పెట్టారన్నది ఆయన ఆరోపణ. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పుస్తకం వచ్చేసరికే, 1965 మోడల్లో, కంపెనీ ఆ సస్పెన్షన్ మార్చేసింది. 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థ పరీక్షించి, పాత కార్వేర్ అప్పటి తోటి కార్లకంటే ప్రమాదకరమేమీ కాదని తేల్చింది. అంటే ముద్దాయి విషయంలో నేడర్ అతిగా పోయాడు. ప్రశ్న విషయంలో మాత్రం కాదు. ఏ స్పెసిఫికేషన్ చదివినా నాకిప్పుడు అదే ప్రశ్న గుర్తొస్తుంది: ఈ సంఖ్య ఎవరి చేతికి అందాలి?

ఈ ప్రశ్నకి మన దేశంలోనే ఒక జవాబుంది. ట్రయంఫ్ హెరాల్డ్‌కి వెనక ఉన్నది ఊగే ఇరుసు, అడ్డంగా ఒక కమాన్ కట్ట. స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకీ అదే. 1961నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ ఆ హెరాల్డ్‌నే తయారుచేసింది. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌లో ఊగే ఇరుసు తీసేసి, మామూలు గట్టి ఇరుసు పెట్టారు. ఇక్కడి మెకానిక్‌లు పాతదాన్ని నమ్మలేదన్నది చెప్పుకునే కారణం. అది నిజమైతే, అంతకంటే గట్టి పాఠక విమర్శ నాకు తెలీదు. కావెంట్రీలో రాసిన పాఠాన్ని మన రోడ్ల మీద చదివినవాళ్ళు ఒక అధ్యాయం తిరగరాయించారు.

ఇలాంటి పాఠకులు ఇప్పుడూ ఉన్నారు. అయితే ప్రతి సవరణా మంచిది కాదు. పాత స్పోర్టీ కార్లకి కుర్రాళ్ళు చేయించే మొదటి పని, గ్రైండర్‌తో స్ప్రింగు ఒక చుట్టు కోయించడం. బండి కిందికి దిగుతుంది, చూడ్డానికి బావుంటుంది. కానీ స్ప్రింగు బిగువు పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమం. 6 చుట్లలో ఒకటి తీసేస్తే 20 శాతం బిరుసెక్కుతుంది. షాకబ్జర్ మాత్రం పాత స్ప్రింగుకి కుదిరిందే. కదలడానికి జాగా తగ్గింది కాబట్టి ప్రతి స్పీడ్ బ్రేకరుకీ రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఫార్మాసిటీకి, సింహాద్రి ప్లాంటుకి తిరిగే లారీల కింద నలిగే రోడ్డు మాది. పక్కనే సముద్రం, ఉప్పుగాలికి స్ప్రింగు కూర్చునే పళ్ళెం అంచునుంచి తుప్పు పడుతుంది. కోసిన స్ప్రింగు, తుప్పు పట్టిన పళ్ళెం కలిస్తే ఏమవుతుందో ఏ మాన్యువల్లోనూ ఉండదు. ఆ ఊరు రాసినవాళ్ళ ఊహలో లేదు కాబట్టి.

అందుకే మన మాన్యువల్ మనమే రాసుకోవాలి, మన మాటల్లో. భాష లేదని కాదు. షెడ్డులో భాష పుష్కలంగా ఉంది. బండి ఎడమకి లాగుతోంది, వెనక కూర్చుండిపోయింది, స్టీరింగు కొడుతోంది, టైరు తింటోంది. ఆ చివరి మాటనే తీసుకుంటే ఒక అధ్యాయం అవుతుంది. లోపలి అంచు తింటే ముందు క్యాంబర్ చూడు. రెండు అంచులూ తింటే గాలి తక్కువ, నడుమ తింటే ఎక్కువ. రంపపు పళ్ళలా తింటే టో తప్పింది. అక్కడక్కడా గుంటలుగా తింటే షాకబ్జర్ పోయింది, మార్చితే జతగా మార్చు. బుష్‌లూ బాల్ జాయింట్లూ సరిచేశాకే అలైన్‌మెంటుకి వెళ్ళు, ముందు వెళ్తే డబ్బు దండగ. ‘తినడం’ అన్న ఒక్క క్రియలో ఇంత వ్యాకరణం ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు, రైతుల మాటలతో. 1971లో నేతగాళ్ళ మాటలతో రెండోది. పొలానికీ మగ్గానికీ వెళ్ళిన ఆ నోటుపుస్తకం మెకానిక్ షెడ్డుకీ వెళ్ళాలి. పదాలు ఏరుకోవడంతో ఆగితే సరిపోదు, వాటితో వాక్యాలు కట్టాలి. ప్రతి ఆదేశం పక్కన ‘ఎందుకంటే’ ఉండాలి. ర్యాంపు లేనివాడికి దుంగల సంగతి చెప్పాలి. బీరు డబ్బా ఎక్కడ చాలు, ఎక్కడ చాలదు అన్న గీత గియ్యాలి.

మొదటి వాక్యం నేను రాసిస్తాను, మిగతావి తెలిసినవాళ్ళు అందుకోండి: ఆర్మ్ బోల్టులు బండి బరువు చక్రాల మీదికి దించాకే గట్టిగా బిగించాలి, ఎందుకంటే రబ్బరు ఏ భంగిమలో బిగిస్తే అదే తన విశ్రాంతి అనుకుంటుంది.