దారి తప్పించే గీతలు

ఎడ్వర్డ్ వాడ్స్‌వర్త్ 1919లో లివర్‌పూల్ డ్రైడాక్‌లోని డాజిల్ నౌకల్ని చిత్రించాడు. ఎత్తుగా నిలబడ్డ నలుపు తెలుపు పట్టీల నౌక, దాని ముందు చీమల్లా పనివాళ్ళు. ఆకట్టుకునే చిత్రమే. అయితే ఆ పట్టీలు ఎవరి చేతుల మీదుగా అక్కడికొచ్చాయో ఈ చిత్రం చెప్పదు. నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

సముద్రంలో నౌకను దాచలేం, శత్రువు లెక్క మాత్రం తప్పించగలం అన్నది 1917లో బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ ఆలోచన. సబ్‌మెరైన్ కమాండరు టార్పెడోను నౌక ఉన్నచోటికి కాదు, కాసేపటికి అది చేరబోయే చోటికి గురిపెట్టాలి. అడ్డదిడ్డంగా తెగిన పట్టీలు నౌక ఎటు తిరుగుతోందో పోల్చుకోనివ్వవు.

లండన్ రాయల్ అకాడమీలో చిన్న చెక్క నౌకలకు రంగులేసి, తిరిగే బల్ల మీద పెట్టి, పెరిస్కోపులోంచి పరీక్షించేవారు. కుదిరిన డిజైన్‌ను కాగితం మీదికి దించి, ప్లానులకు చేత్తో రంగులద్దిన వాళ్ళు ఆర్ట్ స్కూళ్ళ నుంచి వచ్చిన యువతులు. ఒంపు మీది గీతను చదును కాగితం మీదికి తేవాలి. రేవులో అది మళ్ళీ అసలు నౌక ఒంపుల మీద సరిగ్గా కూర్చోవాలి. దీన్ని ఉత్త నకలు పని అనడానికి నేను ఒప్పుకోను.

యుద్ధం ముగిశాక విల్కిన్సన్‌కి ఆవిష్కర్తగా గుర్తింపు, 2,000 పౌండ్ల బహుమానం దక్కాయి. ఆ విభాగంలోనే పనిచేసిన ఎవెలిన్ మెకెంజీని ఆయన 1918లో పెళ్ళాడాడు. ఆమె పేరు ఎక్కువగా భార్య అన్న మాట పక్కనే వినిపిస్తుంది. అదే ఏడాది న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో స్త్రీల కామొఫ్లాజ్ దళం ఒక యుద్ధనౌకకు బాహాటంగా డాజిల్ రంగులు వేసింది. అయితే అది నావికాదళంలో చేర్చుకోవడానికి చెక్కతో కట్టిన బొమ్మ నౌక. నీళ్ళలోకి ఏనాడూ దిగనిది.

యుద్ధ కీర్తిలో స్త్రీలకు వాటా అడగడం నా ఉద్దేశం కాదు. యుద్ధం మీద నాకే గౌరవమూ లేదు. నా పేచీ కళావిమర్శతో. ఆలోచన ఒకరిది, చేతిపని ఇంకొకరిది అని విడదీసి, మొదటిదానికే సంతకం హక్కు ఇచ్చే అలవాటుతో.

ఆ యువతుల్ని ఎవరూ దాచలేదు. ఆనాటి ఫొటోల్లో కుంచెలతో కనిపిస్తూనే ఉన్నారు. డాజిల్ నౌకలాగే, కనిపిస్తున్నా వాళ్ళ విషయంలో మన లెక్క తప్పుతోంది. చేతిని చూసి సహాయకురాలు అనుకుంటున్నాం. ఆ చేతిని నడిపిన కన్నును లెక్కలోకి తీసుకోవడం లేదు. వాడ్స్‌వర్త్ చిత్రాన్ని ఇకమీదట చదివేటప్పుడు ఆ నౌక ప్లాను ఎవరు గీశారన్న ప్రశ్నతోనే మొదలుపెడదాం.