ఖాళీ వదలకూడని చోటు

ముందు గదిలో డెస్క్‌టాప్, లోపలి గదిలో ల్యాప్‌టాప్. రెండూ లినక్సే. ఒకదాంట్లోని ఫైలు రెండోదాంట్లోకి రావాలంటే చాలా ఇళ్లలో పెన్‌డ్రైవ్ పట్టుకుని లేస్తారు, లేదా వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. బషీర్‌బాగ్ ఫ్లాట్‌లో గోడ అవతలికి వెళ్లడానికి ఆ ఫైలు ఎక్కడెక్కడి సర్వర్లనో చుట్టి రావడం నాకు నచ్చదు. ఇంటి కాగితాలు ఇంట్లోనే తిరగాలి.

దీనికి 1984లోనే సన్ మైక్రోసిస్టమ్స్ దారి వేసింది. దాని పేరు ఎన్‌ఎఫ్‌ఎస్. అవతలి మెషిన్‌లోని ఫోల్డర్‌ని ఇక్కడ మౌంట్ చేస్తే, ఇక్కడిదే అన్నట్టు తెరుచుకుంటుంది. సర్వర్ ప్యాకేజీ వేసుకున్నాక అసలు పనంతా ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైల్లో ఒక్క లైను: ఏ ఫోల్డరు, ఏ ఐపీకి, చదవడానికేనా, రాయడానికి కూడానా.

ఆ లైను దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఐపీకి ఆనించి బ్రాకెట్‌లో ఆర్‌డబ్ల్యూ అని రాస్తే ఆ ఒక్క మెషిన్‌కే రాసే హక్కు. మధ్యలో స్పేస్ పడిందంటే ఆ మెషిన్‌కి చదివే హక్కే మిగులుతుంది, రాసే హక్కు మిగతా అందరికీ దక్కుతుంది.

తర్వాత మనుషుల సంగతి. మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ పేరు చూడదు, యూజర్ నంబరు చూస్తుంది. ఉబుంటులో మొదటి యూజరుకి 1000, తర్వాతివారికి 1001. డెస్క్‌టాప్‌లో నాన్న 1000, నేను 1001. ల్యాప్‌టాప్‌లో నేనే 1000. అలాగే వదిలేస్తే ఇక్కడ నేను రాసిందంతా అక్కడ నాన్న పేరిట పడుతుంది, ఆయన ఒక్కరే చూడాల్సినవీ నాకు తెరుచుకుంటాయి. అందుకే మౌంట్ చేయకముందే నంబర్లు కలుపుతాను. ల్యాప్‌టాప్ రూట్‌కి డెస్క్‌టాప్‌లో అధికారం లేకుండా చేసే రూట్ స్క్వాష్ ముందే పెట్టి ఉంటుంది. పని తేలికవుతుందని దాన్ని తీసేసేవాళ్లున్నారు. నేను తీయను.

నాన్న పాత పత్రికలు స్కాన్ చేసి పొడుగాటి తెలుగు పేర్లు పెడతారు. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు కావాలి. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు గుర్తులు, 18 బైట్లు. “తెలుగుకి అంత తక్కువ చోటేంట్రా?” అని ఆయన నొచ్చుకున్నారు. న్యాయమైన మాటే. ప్రతి ఫోల్డరు పేరుకీ విడిగా 255 ఉంటాయి కాబట్టి ఏడాదికో ఫోల్డరు, అందులో సంచికకొకటి, లోపల రచన పేరు మాత్రమే అని సర్దుకున్నాం.

ఇంత చేసినా ఫైలు ఉన్నది ఒక్కచోటే. డెస్క్‌టాప్ డిస్కు పోతే రెండు గదుల్లోనూ పోయినట్టే. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అరుదైన ఉర్దూ పుస్తకాలు నానిపోయిన సంగతి నాన్న ఇప్పటికీ తలుస్తారు. అందుకని ఆదివారాలు ఆర్‌సింక్‌తో మరో డిస్కులోకి కాపీ తీస్తున్నాం. ఆ డిస్కు అశోక్‌నగర్‌లో అక్క వాళ్లింట్లో ఉంటుంది. వాళ్లది మూడో అంతస్తు.